పిట్టకి పాలసీసా

ముందే చెప్పేస్తున్నా, నేను పక్షుల ఎక్స్‌పర్ట్‌ని కాను, నా దగ్గర పెద్ద కెమెరా లేదు, బైనాక్యులర్ లేదు. ఉన్నదల్లా పర్లాకిమిడిలో మా మామగారి నాటి పెంకుటిల్లు, దాని వెనక కాస్త పెరడు, ఆ పెరట్లో ఒక జామచెట్టు, రెండు మందారాలు, ఒక బొప్పాయి, తులసికోట. ఇంకా రెండేళ్ల కిందట అమ్మాయి పురిటికి అమెరికాలో ఒహాయో వెళ్ళినప్పుడు నేర్చుకున్న కొన్ని సంగతులు. వాటిలో సగం ఇక్కడ పనికిరాలేదు, ఎందుకు పనికిరాలేదో తెలుసుకోడానికి నాకు ఒక వేసవి మొత్తం పట్టింది, అదే రాస్తున్నా. (గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది, కాబట్టి నేను మాట్లాడినట్టే రాస్తే ఎవరూ ఏమీ అనకూడదు.)

మార్చిలో దిగాను అక్కడ. చెట్లకి ఒక్క ఆకు లేదు, కిటికీలోంచి చూస్తే అన్నీ ఎండు పుల్లలే, పురిటింటికి వచ్చానా శ్మశానానికి వచ్చానా అనిపించింది, పైకి అనలేదులెండి. ఏప్రిల్ మూడో వారంలో అమ్మాయి వంటింటి కిటికీ బయట ఒక సీసా వేలాడదీసింది. కింద ఎర్ర ప్లాస్టిక్ పళ్ళెం, దానికి పసుపు పువ్వుల్లాంటి నాలుగు బెజ్జాలు. నాకైతే అది చూడగానే మా వీధిలో ఒడియా వాళ్ళు పణా సంక్రాంతికి తులసికోట మీద కట్టే చిల్లుకుండ గుర్తొచ్చింది, చుక్క చుక్క నీళ్ళు తులసమ్మ మీద పడుతూ ఉంటాయి చూడండి, బసుంధరా ఠేకి అంటారు, అది. పైగా అది కట్టేది కూడా ఏప్రిల్ 14 ప్రాంతాల్లోనే. "ఏంటే ఇది, ఇక్కడ కూడా సంక్రాంతా" అన్నా. "హమ్మింగ్‌బర్డ్‌కి అమ్మా, మెక్సికో నుంచి వచ్చేస్తూ ఉంటాయి, అవి వచ్చేసరికి సీసా రెడీగా ఉండాలి" అంది.

ఆ పిట్ట పూర్తి పేరు రూబీ-త్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్, అంటే కెంపు గొంతుది, బరువు 3 గ్రాములట. 3 గ్రాములంటే చిన్న చెంచాడు పసుపు. అది చలికాలం మెక్సికోలోనూ ఇంకా దిగువ దేశాల్లోనూ ఉండి, వసంతంలో పైకి వస్తుంది, మధ్యలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం ఉంటే వాటిలో చాలా పిట్టలు ఎక్కడా వాలకుండా 800 కిలోమీటర్లు ఒక్క బిగిన దాటేస్తాయి. మా ఊరి నుంచి హైదరాబాద్ ఇంచుమించు అంత దూరం, బస్సులో వెళ్తే నాకు రెండు రోజులు నడుం పట్టేస్తుంది. బయల్దేరే ముందు బాగా తిని ఒళ్ళు ఇంచుమించు రెట్టింపు చేసుకుంటాయట, ఆ కొవ్వు కరిగించుకుంటూ వస్తాయి. సరే మరి అంత దూరం వచ్చినదానికి గుక్కెడు తీపినీళ్ళు ఇస్తే తప్పేముంది అనిపించి, ఆ రోజు నుంచి సీసా డ్యూటీ నేను తీసుకున్నా.

ఇక్కడ కొంచెం ఆగి ఆ నీళ్ళ సంగతి చెప్పాలి, అమెరికాలో ఉన్న మన పిల్లలు చదువుతుంటే పనికొస్తుంది. ఒక కప్పు పంచదారకి నాలుగు కప్పుల నీళ్ళు, అంతే. మామూలు తెల్ల పంచదార. వేడినీళ్ళలో వేసి కలిపితే కరిగిపోతుంది, దింపేసి చల్లారబెట్టి పోయడమే. నేను మొదటిరోజు అలవాటు కొద్దీ పొయ్యి మీద పెట్టి మరిగిస్తూ కూర్చున్నా, అమ్మాయి వచ్చి "అమ్మా, నువ్వు తీగపాకం పడుతున్నావా, అది అరిసెలకి కాదు" అని స్టవ్ ఆపేసింది. ఎక్కువసేపు మరిగితే నీళ్ళు ఇగిరిపోయి పాళ్ళు మారిపోతాయి కదా. బెల్లం వేద్దామా, ఒంటికి మంచిది అన్నా, వద్దంది, బెల్లంలో, బ్రౌన్ షుగర్‌లో ఇనుము ఉంటుంది, ఆ చిన్న ప్రాణానికి అది పడదు. పోనీ తేనె? అది అసలే వద్దు, నీళ్ళలో కలిసిన తేనె తొందరగా పులిసి బూజు పడుతుంది. షుగర్ పేషెంట్ల తీపి బిళ్ళలు కూడా కుదరవు, వాటిలో శక్తి ఏముంటుంది, పాపం దానికి కావలసిందే శక్తి, సెకనుకి యాభై సార్లు రెక్కలు కొడుతుంది. ఎర్ర రంగు కలిపిన పౌడర్లు షాపుల్లో అమ్ముతారు, అదీ అక్కర్లేదు, సీసా పళ్ళెం ఎర్రగా ఉంటే చాలు, నీళ్ళు ఎర్రగా ఉండక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం కడగడం. చల్లగా ఉన్నన్నాళ్ళు నాలుగైదు రోజులకోసారి మార్చినా పర్లేదు, ఎండలు ముదిరాక రెండు రోజులకి మించి ఉంచకూడదు, నీళ్ళు మసకగా కనిపిస్తే ఆ రోజే పారబోయాలి. వేడినీళ్ళు, కాస్త వెనిగర్, సన్నటి బ్రష్. సింకు దగ్గర ఒకపక్క మనవరాలి పాలసీసాలు, ఇంకోపక్క పిట్టల సీసా, రెండిటికీ వేర్వేరు బ్రష్‌లు, ఒకరోజు అల్లుడు గారు పొరపాటున పిట్టల బ్రష్ తీసుకున్నారు, ఆ గొడవ మళ్ళీ ఇక్కడ రాయను.

పది రోజులకి వచ్చింది. మగది ముందు వస్తుందట, ఆడది తర్వాత. గాల్లో నిలబడిపోయి, నిజంగా నిలబడిపోయి, మూతి బెజ్జంలో పెట్టి తాగింది. గొంతు నల్లగా ఉంది కదా, ఇదేంటి రూబీ అన్నారు అనుకునేలోపు కాస్త తల తిప్పింది, కుంపట్లో బొగ్గు మీద ఊదితే రాజుకున్నట్టు గొంతంతా ఎర్రగా భగ్గుమంది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఉండిపోయా, పప్పు అడుగంటింది.

కానీ మహా గడుగ్గాయి అండీ అది! సీసాకి నాలుగు బెజ్జాలున్నా ఇంకొకదాన్ని వాలనివ్వదు, పక్కన మేపుల్ కొమ్మ మీద కాపలా కూర్చుని, ఇంకోటి రాగానే బాణంలా వచ్చి తరిమేస్తుంది. మా వీధి కుళాయి దగ్గర కూడా ఒకావిడ ఇలాగే ఉండేది. దానికి మందు ఏంటంటే రెండో సీసా ఇంటికి ఆ వైపున, మొదటిదాని దగ్గర్నుంచి కనబడని చోట కట్టాలి, రెండు చోట్లా ఒకేసారి కాపలా కాయలేదు కదా. ఇంకో మాట, సీసా కిటికీకి కాస్త దూరంలో ఉంటేనే ప్రమాదం, వేగంగా వచ్చి అద్దానికి కొట్టుకుంటాయి. అద్దానికి ఆనుకునేంత దగ్గరగానైనా కట్టాలి, లేదా బాగా దూరంగానైనా కట్టాలి.

మే మొదటి వారంలో పక్కింటి ముసలావిడ వచ్చి, పాపని చూసి, అమ్మాయితో ఏదో చెప్పి వెళ్ళింది. ఆవిడ చెప్పింది ఏంటంటే ఓరియోల్స్ అనే పిట్టలు వచ్చేశాయి, కమలాపండు సగానికి కోసి మేకుకి గుచ్చండి అని. కొయ్య కంచెకి మేకు కొట్టి పండు గుచ్చాం, పక్కన చిన్న గిన్నెలో గ్రేప్ జెల్లీ రెండు చెంచాలు. ఎక్కువ వేస్తే రెక్కలకి అంటుకుపోతుందట, అందుకని కొంచెం కొంచెమే. వాటికీ పంచదార నీళ్ళు పెడతారు కానీ ఇంకా పలచగా, ఒకటికి ఆరు, ఆ సీసాలు నారింజ రంగులో ఉంటాయి, వాలడానికి కొయ్య ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే వచ్చింది బాల్టిమోర్ ఓరియోల్. మగదానికి తల, వీపు కారునలుపు, పొట్ట బంతిపువ్వు రంగు. ఈ పేరు కథ కూడా విన్నా, లార్డ్ బాల్టిమోర్ అనే దొరగారి వంశ చిహ్నంలో ఉన్న రంగులు ఇవేనని ఆయన పేరు పెట్టారు. తర్వాత 1973లో పండితులు ఇదీ పడమటి వైపుండే ఇంకో ఓరియోలూ ఒకటే అని తేల్చి ఆ పేరు తీసేసి నార్తర్న్ ఓరియోల్ అన్నారు, 1995లో కాదు కాదు రెండూ వేరే అని మళ్ళీ పాత పేరు ఇచ్చేశారు. పిట్టకి ఇవేమీ తెలియదు, దాని కమలాపండు అది తింటుంది. 1936లో మా ఊరు మద్రాసు నుంచి ఒడిశాలోకి వెళ్ళినప్పుడు మా తాతయ్య వాళ్ళు ఏం చేసుంటారు, ఆ రోజు కూడా అంబలే తాగుంటారు.

జూన్ వచ్చేసరికి ఓరియోల్స్ మాయం. మా వల్లే ఏదో తప్పు జరిగిందనుకున్నా. తప్పు కాదు, గూట్లో పిల్లలున్నాయి, పిల్లలకి పురుగులు కావాలి, తీపి కాదు. ముసలావిడ డబ్బాలో బతికున్న పురుగులు తెచ్చి ఇచ్చింది, మీల్‌వర్మ్స్ అట, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలట. నేను ఫ్రిజ్ జోలికి రెండు రోజులు వెళ్ళలేదు. అమ్మాయే గిన్నెలో వేసింది, ఆడ ఓరియోల్ వచ్చి మూతి నిండా పట్టుకుపోయింది. దాని గూడు కనిపించింది ఆవిడ పెరట్లో, ఎత్తుగా కొమ్మ చివర వేలాడే సంచి, అచ్చం మన గిజిగాడి గూడు చెల్లెలు.

జూలైలో తిరిగొచ్చా. సూట్‌కేస్‌లో ఊరగాయ జాడీలు తీసుకెళ్ళిన చోట ఎర్ర పళ్ళెం సీసా వచ్చింది.

మనకి హమ్మింగ్‌బర్డ్స్ లేవని నాకు తెలుసు, అవి రెండు అమెరికాల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండవు. కానీ మన తేనెపిట్ట ఉంది కదా, అదీ చిన్నదే, అదీ పూల తేనె తాగుతుంది, మగది ఎండలో ఊదా నీలం కలిసి మెరుస్తుంది. దానికి దీనికి చుట్టరికం లేదు, ఒకే పని చేసి చేసి ఇద్దరికీ ఒకేలాంటి మూతి వచ్చింది, అంతే. కాబట్టి ఇదీ సీసా తాగుతుందనే నా నమ్మకం. మాఘం వెళ్ళగానే, కొండ రోడ్డు మీద మోదుగులు పూయడం మొదలవగానే జామచెట్టుకి కట్టేశా.

మా అత్తయ్య అరుగు మీద కూర్చుని చూసింది. ఆవిడకి ఎనభై దాటాయి. "అదేటే, పిట్టలకి కూడా పాలసీసాలేటి?" అంది. "అమెరికాలో పెడతారత్తయ్యా" అన్నా. "అక్కడ అమ్మలు నేరేటి వాటికి" అంది.

మొదటిరోజు చీమలు. ఎర్రచీమలు బారులు బారులుగా తాడు పట్టుకుని దిగాయి. దానికి అక్కడే ఉపాయం నేర్చుకున్నా, సీసాకి పైన తాడుకి చిన్న గిన్నె బిగించి అందులో నీళ్ళు పోస్తే చీమ దాటలేదు, మన వంటింటి బల్ల కాళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టినట్టే. చీమలు ఆగాయి. రెండోరోజు తేనెటీగలు. మూడోరోజు సాయంత్రానికి ఈతకల్లు వాసన. మా మార్చి ఎండలకి పంచదార నీళ్ళు రెండు పూటలు నిలవలేదు, పొద్దున పోసినది సాయంత్రం పారబోయాల్సిందే, అక్కడి రెండు రోజుల లెక్క ఇక్కడ చెల్లదు. పది రోజులు అలా రోజుకి రెండుసార్లు కడిగాను, పంచదార డబ్బా ఖాళీ అవుతోందని మా ఆయన సణుగుడు వేరే. తేనెపిట్టలు మాత్రం ఆ సీసా పక్కనుంచే ఎగురుకుంటూ వెళ్ళి మందారం మీద వాలుతున్నాయి, నా ముఖం కూడా చూడట్లేదు!

అప్పుడు కూర్చుని వాటినే చూడ్డం మొదలుపెట్టా, ఆ పని ముందే చేసుండాల్సింది. చూస్తే తెలిసింది ఏంటంటే తేనెపిట్ట గాల్లో నిలబడి తాగదు, ఎప్పుడైనా ఒక క్షణం రెక్కలాడిస్తుంది కానీ దానికి ఆసనం కావాలి, కొమ్మో కాడో పట్టుకుని వేలాడి తాగుతుంది. మందారం దగ్గరైతే ముందు ద్వారం నుంచి కూడా కాదు, పువ్వు అడుగున తొడిమ దగ్గర మూతితో పొడిచి దొంగదారిన తాగేస్తుంది. నేను కట్టిన సీసాకి కాలు పెట్టే చోటే లేదు. సరే అని చీపురుపుల్లలు నాలుగు కలిపి బెజ్జం కింద కట్టా. మూడోనాడు ఒక ఆడ తేనెపిట్ట వచ్చి వాలింది, రెండుసార్లు మూతి పెట్టింది, వెళ్ళిపోయింది. ఆ సీజన్ మొత్తానికి నా సీసాకి వచ్చిన గిరాకీ అదే.

నాకు అప్పటికి అర్థమైంది. ఒహాయోలో ఏప్రిల్లో పిట్ట దిగేసరికి ఇంకా పూలు సరిగ్గా లేవు, ఆకలి మీద ఉంది, సీసా కనిపిస్తే దిగుతుంది. ఇక్కడ మన వసంతంలో సీసా ఎవడికి కావాలి, బూరుగు పూసింది, మోదుగ పూసింది, దానిమ్మ పూసింది, వీధి చివర అరటిగెల పువ్వు విచ్చింది, విందు భోజనం ముందు పెట్టుకుని ఎవరైనా గ్లూకోజ్ నీళ్ళు తాగుతారా? సీసా తీసేసి అటక మీద పెట్టేశా. దాని బదులు నర్సరీకి వెళ్ళి "తేనెపిట్టలు వచ్చే మొక్క ఏదైనా ఇవ్వు బాబూ" అంటే నారింజ రంగు సన్నటి గొట్టాల్లాంటి పూలుండే మొక్క ఇచ్చాడు, ఏడాది పొడుగునా పూస్తుందమ్మా అన్నాడు. పేరు హమేలియా. ఫొటో అమ్మాయికి పంపిస్తే అది నవ్వుకుని నవ్వుకుని చెప్పింది, ఆ మొక్క పుట్టిల్లు ఫ్లోరిడా నుంచి దక్షిణ అమెరికా దాకానట, అక్కడ హమ్మింగ్‌బర్డ్స్ దాని మీదే ఉంటాయట. అంటే అమెరికా నుంచి నేను సీసా మోసుకొచ్చా, మొక్క నాకంటే ముందే వచ్చేసి నర్సరీలో కూర్చుంది. నాటిన నాలుగో నెలకే తేనెపిట్టలు పొద్దున్నే క్యూ. కొనేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కత్తిరించి గుబురుగా ఉంచకండి, కాస్త విచ్చలవిడిగా వదిలితేనే పూలూ ఎక్కువ, వాలడానికి కాడలూ ఎక్కువ. పురుగులమందు కొట్టకండి, తేనెపిట్ట పిల్లలకి పెట్టేది సాలీళ్ళు, చిన్న పురుగులే.

ఇక ఓరియోల్. మనకీ ఉంది, అసలు ఆ పేరు మన వైపు పిట్టలదే, అమెరికా వెళ్ళిన తెల్లవాళ్ళు అక్కడి పిట్ట ఇలాగే పచ్చగా నల్లగా ఉందని అదే పేరు తగిలించారు, నిజానికి రెండూ వేరే కుటుంబాలు. మా అత్తయ్య దీన్ని వంగపండు అంటుంది. వంకాయ నల్లగా కదా ఉంటుంది అని చిన్నప్పుడు నాకు ఎప్పుడూ డౌటు, కోయకుండా విత్తనానికి వదిలేసిన వంకాయ చూశాక తీరింది, పండితే పసుప్పచ్చగా అయిపోతుంది. మా పక్కింటి ఒడియా మావుసి మాత్రం హళదీ బసంత అంటుంది, పసుపు వసంతం. తల మొత్తం నల్లగా ఉండేది మాకు ఏడాదంతా కనిపిస్తుంది, కంటికి కాటుక గీసినట్టు మాత్రమే ఉండేది ఎప్పుడైనా చలికాలంలో.

కమలాపండు ప్రయోగం ఇక్కడా చేశా, చీమలకి దానం చేసినట్టైంది. బొప్పాయి పండు సగం కోసి గింజలతో సహా జామకొమ్మ పంగలో పెట్టా. పిగిలిపిట్టలు వచ్చాయి, ఉడతలు వచ్చాయి, కోయిల ఆడది వచ్చింది, కాకులు సరేసరి, ఒకరోజు కోతి వచ్చి పండుతో పాటు నా స్టీలు పళ్ళెం కూడా పట్టుకుపోయింది. మావుసి చూసి చూసి గోడ మీంచి ఒడియాలో చెప్పింది, మీ ఇంట్లో చెట్టు మీద పండినది ఎందుకు కోస్తావు, ఒకటి దానికే వదిలెయ్ అని. అంతే కదా! బొప్పాయి చెట్టు మీదే పైన ఒక కాయ వదిలేశా, పిగిలిపిట్టలు ముందు చిల్లు పెట్టాయి, ఐదోరోజు పొద్దున పాలు కాస్తుంటే పిల్లనగ్రోవి ఒక్కసారి ఊది ఆపినట్టు కూత వినిపించింది. వంగపండు బొప్పాయిని పట్టుకుని వేలాడుతూ తింటోంది. అత్తయ్యకి చూపు ఆనదు, కూత విని "వచ్చిందేటి" అంది.

ఇంకా ఒకటి, మట్టి మూకుడులో నీళ్ళు. బొప్పాయికి రాని పిట్టలు కూడా నీళ్ళకి వస్తాయి, ఏప్రిల్ మే మధ్యాహ్నాలు మరీను. లోతు రెండు వేళ్ళు చాలు, మధ్యలో ఒక రాయి, రోజూ పారబోసి మార్చాలి, లేకపోతే దోమలు. ఖర్చు ఇరవై రూపాయలు. ఇంత సింపుల్ సంగతి చివర్న రాస్తున్నానంటే నాకు తెలిసింది కూడా చివర్నే.

అమెరికా పిల్లలకి ఇంకో మాట మర్చిపోయా, చలికాలం ముందు సీసా తీసెయ్యకపోతే పిట్టలు వెనక్కి వెళ్ళకుండా ఉండిపోతాయని కొందరు భయపెడతారు, అది ఉత్తదే. పగలు తగ్గుతుంటే వాటికే తెలుస్తుంది, వెళ్ళిపోతాయి. ఇంకో రెండు వారాలు ఉంచితే వెనకబడి వచ్చినవి తాగి వెళ్తాయి.

ఈ ఏడాది మొన్న ఏప్రిల్లో అమ్మాయి వీడియో కాల్ చేసింది, ఫోన్ కిటికీకి పెట్టి ఎర్రగొంతు వచ్చేసిందమ్మా అని చూపించింది, నాకు కనిపించింది మనవరాలి ముక్కు మాత్రమే, అది ఫోన్‌కి అతుక్కుపోయి ఉంది. నేను మా వరండా చూపించా. బట్టలారేసే తీగకి వారం రోజులుగా ఒక చెత్తపోగు వేలాడుతోంది, చూసేవాళ్ళకి బూజు అనిపిస్తుంది, పనమ్మాయి చీపురు కూడా ఎత్తింది. అది తేనెపిట్ట గూడు. సాలెపట్టు, ఎండాకులు, పీచు, ఏవేవో రెట్టలు కలిపి ఆడది ఒక్కతే కట్టింది, గుమ్మం మీద చిన్న చూరు కూడా పెట్టుకుంది వాన పడకుండా. హమ్మింగ్‌బర్డ్ కూడా సాలెపట్టుతోనే కడుతుందని అమ్మాయి చెప్పింది, దానికీ రెండు గుడ్లే. మగవాడు ఎదురుగా హమేలియా మీద కూర్చుని పాటలు.

ఆ తీగ మీద బట్టలు వెయ్యొద్దని ఇంట్లో ఆర్డర్ వేశా. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు, అప్పటిదాకా అందరి బట్టలూ పెరట్లోనే. నిన్న గాలికి మా ఆయన లుంగీ ఎగిరి మావుసి వాళ్ళ కొబ్బరిచెట్టుకి చుట్టుకుంది, దింపే మనిషి ఆదివారం గాని రాడట.